మూడు సిరప్‌లు మార్చినా దగ్గు తగ్గట్లేదు, ఇంకేం వాడాలి?

ప్రశ్న: నా వయసు 54. ఆరు వారాల కింద జలుబు చేసింది. జలుబు తగ్గింది గానీ పొడి దగ్గు మాత్రం పోలేదు. మందుల షాపులో అడిగి ఇప్పటికి మూడు రకాల సిరప్‌లు వాడాను. తాగాక రెండు మూడు గంటలు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా అయిదు రోజులు వేసుకున్నాను. నాకు బీపీ ఉంది, మూడు నెలల కింద మాత్ర మార్చారు. ఈ మధ్య మూడు కిలోలు తగ్గాను, వాకింగ్ వల్ల అనుకుంటున్నాను. వీటికంటే పవర్ ఉన్న సిరప్ ఏదైనా చెప్పగలరా? - ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: సిరప్ పేరు చెప్పను. మీ ఉత్తరంలో నన్ను ఆపింది దగ్గు కాదు, మూడు కిలోలు. నిజంగానే వాకింగ్ వల్ల కావచ్చు. కానీ ఆరు వారాల దగ్గు, తగ్గిన బరువు ఒకే మనిషిలో కనిపిస్తే, ఆ రెండింటికీ సంబంధం లేదని తేల్చుకున్నాకే వాకింగ్ మాట నమ్ముతాం. కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. కళ్లె వస్తుంటే టీబీ కోసం కళ్లె పరీక్ష కూడా చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గును టీబీ కాదని తేల్చకుండా వదలకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. మీరు దానికి మూడింతలు ఆగారు. పొగతాగే అలవాటుందో లేదో రాయలేదు. ఉంటే, లేదా ఒకప్పుడు ఉండి మానేసినా, ఎక్స్‌రే బాగుందని మీ అంతట మీరే నిశ్చింత పడకండి. సీటీ స్కాన్ అవసరమా కాదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు చెబుతారు.

ఇక ఆ మిగిలిన యాంటీబయాటిక్. దాని పేరు లివోఫ్లాక్సాసిన్ లాంటిదేనా? అయితే కొంచెం కోపంగానే చెబుతున్నాను, ఆ మందు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. అయిదు రోజులు వేసుకుంటే క్రిమి చావదు, అణుగుతుంది. దాంతో నాలుగు రోజులు ఒళ్లు తేలికపడినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, అసలు జబ్బు బయటపడటం ఇంకో నెల వెనక్కి పోతుంది. మీకు టీబీ ఉందని నేను అనడం లేదు, మిమ్మల్ని నేను చూడలేదు. పరీక్ష చేసే డాక్టరుకు ఆ మందు పేరు, వేసుకున్న తేదీలు తప్పకుండా చెప్పండి. మొహమాటపడి దాచకండి.

మార్చిన బీపీ మాత్ర పేరు కూడా రాయలేదు. అట్ట తీసి చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ అంటూ పేరు చివర ‘ప్రిల్’ అని ఉందా? ఈ మాత్రలు కొందరిలో పొడి దగ్గు తెప్పిస్తాయి. మొదలుపెట్టిన వారానికే రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. గొంతులో ఈక పెట్టి గిలిగింత పెట్టినట్టుంటుందని చెబుతారు పేషెంట్లు. ప్రాక్టీసు కొత్తలో ఒకావిడకు నేనే రెండుసార్లు సిరప్ రాసి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ సంచిలోంచి కళ్లజోడు తీస్తుంటే మాత్రల అట్ట జారి నా బల్ల మీద పడింది. ఎనలాప్రిల్. మాత్ర మార్చాక మూడు వారాలకు దగ్గు పోయింది. మొదటిరోజే అడిగి ఉండాల్సిన మాట నేను అడగలేదు. అప్పటి నుంచి ముందు అట్టలు చూస్తాను, తర్వాతే స్టెతస్కోపు. అలాగని ఇది చదివి మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయకండి. దగ్గు తెప్పించని మాత్రలు వేరే ఉన్నాయి, రాసిన డాక్టరే మారుస్తారు. మార్చాక కూడా దగ్గు పోవడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది.

అన్నట్టు, మూడు ‘రకాలు’ వాడానన్నారు. సీసాల వెనక సన్న అక్షరాలు ఒకసారి చదవండి. పేర్లు మూడైనా లోపల అదే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, అదే క్లోర్‌ఫెనిరమైన్ ఉండటం నేను తరచూ చూస్తాను. మొదటిది దగ్గును కాసేపు అణుస్తుంది, రెండోది మత్తు తెస్తుంది. మీకు దొరికిన రెండు మూడు గంటల సుఖం బహుశా అదే. కొన్నింటిలో ఫినైలెఫ్రిన్ కూడా కలుపుతారు, అది బీపీని పెంచగలదు. డిప్రెషన్‌కు మాత్రలు వాడేవారికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పడకపోవచ్చు. ప్రోస్టేట్ ఉబ్బిన వారికి క్లోర్‌ఫెనిరమైన్‌తో మూత్రం బిగుసుకోవచ్చు. ఇంకొన్ని సీసాల్లో కఫాన్ని పలచన చేసే మందు, దగ్గును అణిచే మందు రెండూ ఉంటాయి. దగ్గనివ్వకపోతే ఆ పలచబడ్డ కఫం ఎలా బయటికి రావాలో తయారుచేసినవాళ్లే చెప్పాలి.

చీటీ లేకుండా దొరికింది కదా, ఏమీ కాదులే అనుకుంటారు. ఫోల్కోడీన్ అనే దగ్గు మందును దశాబ్దాలపాటు వాడారు. ఆపరేషన్‌ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే మందులకు, అది అంతకుముందు తాగినవారిలో ప్రాణాంతకమైన అలర్జీ ముప్పు ఉంటోందని తేలాక, 2022 డిసెంబరులో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. ఇంట్లో పిల్లలుంటే మీ సీసాలోంచి అర చెంచా వాళ్లకు పోయకండి. నాలుగేళ్లలోపు వారికి ఈ జలుబు, దగ్గు సిరప్‌లు సొంతంగా ఇవ్వనే కూడదు.

జలుబు తర్వాతి దగ్గు మామూలుగా రెండున్నర వారాలు ఉంటుంది. ఎవరూ అన్నాళ్లు ఓపిక పట్టరు. వారానికో సీసా మారుస్తారు, మూడో వారంలో దగ్గు దానంతటదే పోతుంది, ఆ ఘనత ఆఖరి సీసాకు దక్కుతుంది. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. ‘ఈ సీసా అయిపోయాక వెళదాం’ అనే లెక్కతో జబ్బు ముదిరాక వచ్చేవారిని వారానికి ఒకరినైనా చూస్తుంటాను. ఆస్తమా, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే స్రావం, కడుపులోంచి ఎగదన్నే యాసిడ్ కూడా ఇన్నాళ్ల దగ్గుకు కారణాలే. ఎక్స్‌రే, బీపీ మాత్ర సంగతి తేలాక వాటి వంతు.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా రాత్రిళ్లు తలవైపు కాస్త ఎత్తు పెట్టుకుని పడుకోండి. షుగర్ లేకపోతే పడుకునే ముందు ఒక చెంచా తేనె తీసుకోవచ్చు. దగ్గులో నెత్తురు చార కనిపించినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, గొంతు బొంగురుపోవడం ఉంటే వెళ్లగానే ముందు అవే చెప్పండి. ఆ మూడు సీసాలు, బీపీ మాత్రల అట్ట, యాంటీబయాటిక్ అట్ట చెత్తలో పడేయకపోతే అది కూడా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.