ముక్కలుగా వచ్చిన కారు

(మాస్టారిని అడగండి)

ప్రశ్న: మాస్టారూ, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా వారు కువైట్‌లో డ్రైవరు. అబ్బాయి పదో తరగతి. ఫలానావాడికి బైకుంది, నాకూ కావాలంటాడు. “మనం ఇంత కష్టపడేది ఎవరికోసం? కొనెయ్” అంటారు ఆయన ఫోన్లో. కాలువ గట్టు మీద కుర్రాళ్లు బళ్లు తోలే తీరు చూస్తేనే నాకు టెన్షన్. వద్దంటే ఇద్దరికీ నేనే చెడ్డదాన్ని. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు చట్టం సంగతి చెప్పేస్తానమ్మా, మీ వారికి చదివి వినిపించండి. పదహారు నిండితే యాభై సీసీ దాటని గేర్లు లేని బండికి లైసెన్సు ఇస్తారు. అంతకు మించిన బండికి, గేర్ల బండికి పద్దెనిమిది నిండాలి. లైసెన్సు లేకుండా మైనరు బండి తోలుతూ దొరికితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, అవి కూడా పిల్లాడికి కాదు, తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇంతా విన్నాక కూడా కువైట్ నుంచి “కొనెయ్” అనే మాట వస్తే, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

ఇక పిల్లాడి సంగతి. వద్దు అన్న మాట ఒక్కటే వాడి చేతిలో పెడితే వాడు స్నేహితుడి బండి ఎక్కుతాడు. అందుకే మీకు ఒక డెన్మార్క్ ఆయన కథ చెప్పాలనిపించింది. వర్క్‌షాపులో పిల్లలకి పాఠం చెప్పే రోజుల్లో ఈయన గురించి ఎన్నిసార్లు చెప్పానో!

పేరు విలియం క్నూడ్సెన్. 1879లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. తండ్రి కస్టమ్స్‌లో ఉద్యోగి. ఇరవై ఏళ్ల వయసులో, 1900లో, అమెరికాకి ఓడెక్కాడు. మీ వారు కువైట్‌కి విమానం ఎక్కినట్టే, బతుకుతెరువుకే. న్యూయార్క్‌లో ఓడలు కట్టే చోట పని, తరవాత రైల్వే షాపులో బాయిలర్ల మరమ్మతు, ఆ తరవాత బఫెలోలో సైకిళ్లు చేసే ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీ వాళ్లు ఫోర్డు కార్లకి రేకు భాగాలు నొక్కి ఇచ్చేవాళ్లు. 1911లో ఫోర్డు ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు, దానితోపాటు క్నూడ్సెన్ కూడా ఫోర్డు మనిషైపోయాడు. కార్లు బిగించే ప్లాంట్లు ఊరూరా పెట్టించింది ఈయనే. ఫోర్డుతో పొసగక 1921లో బయటికొచ్చి, మరుసటేడు జనరల్ మోటార్స్‌లో చేరాడు. ఆ కంపెనీ చేసే షెవ్రొలే బండి బాధ్యత చేతికొచ్చింది. 1927లో అమ్మకాల్లో ఆ షెవ్రొలేయే ఫోర్డుని దాటేసింది.

సరిగ్గా ఆ ఏడాదే కొడుకు కారు అడిగాడు. ఒక్కడే కొడుకు, ముగ్గురు ఆడపిల్లలు. కుర్రాడికి అప్పటికి పద్నాలుగేళ్లు. తండ్రి కాదనలేదు. కొత్త కారే ఇచ్చాడు, కాకపోతే నట్టుకి నట్టు, బోల్టుకి బోల్టు ఊడదీసి, ముక్కలుగా. బిగించుకుంటే నీదే, తోలుకో అన్నాడు. కుర్రాడు బిగించుకున్నాడు! పెద్దయ్యాక ఇంజనీరై, తండ్రి పనిచేసిన కంపెనీలోనే పాంటియాక్ అనే కార్ల విభాగానికి పెద్దయ్యాడు, 1968లో ఫోర్డుకి ప్రెసిడెంటయ్యాడు. తండ్రి పొసగక వదిలేసిన ఫోర్డుకే! నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

కార్లు చేయించేవాడు గనక ఆయనకి చెల్లింది, మనకా భోగం లేదు. కానీ మన వైపు పశువుల పాకల్లో దుమ్ము పట్టిన పాత టీవీఎస్ ఫిఫ్టీలకి కొదవా? మీ ఇంట్లో లేకపోతే ఊళ్లో అడగండి, తుక్కు ధరకి ఇస్తారు. మీ వాడికి ఒక గోనెపట్టా, స్పానర్ల సెట్టు, ఒక డబ్బాలో కిరసనాయిలు ఇవ్వండి. ఊడదీసినవి ఊడదీసిన వరసలోనే పట్టా మీద పేర్చాలి. ఏ బోల్టు ఏ కన్నంలోదో ఆ భాగం పక్కనే ఉండాలి. కార్బొరేటర్‌లోని చిన్న జెట్టు పోయిందంటే రోజంతా ఇసక జల్లెడ పట్టాల్సిందే, కాబట్టి చిన్న సామాన్లు స్టీలు పళ్లెంలో వేయించండి. ఇంజను పక్కనుండే అయస్కాంతపు చక్రాన్ని, అదే మాగ్నెట్‌ని, ఊడదీయడానికి పుల్లర్ అనే లాగే పనిముట్టు కావాలి, సుత్తితో మాత్రం కొట్టనివ్వకండి. పుల్లర్ ఏ మెకానిక్ షెడ్డులోనైనా అడిగితే ఇస్తారు. వాడు అక్కడ ఒక గంట నిలబడి చూస్తే ఇంకా మంచిది.

మీ వారికీ పని ఉంది. శుక్రవారం సెలవే కదా, వీడియో కాల్‌లో “ఇవాళ ఏం ఊడదీశావు, చూపించు” అనమనండి. డ్రైవరుకి ఇంజను తెలీకుండా ఉంటుందా? ఇన్నాళ్లూ ఆయన పంపింది డబ్బులే. క్లచ్ సంగతి తండ్రి నోటితో వింటే పిల్లాడు ఫోన్ పెట్టేయడు, చూడండి.

బండి స్టార్టయినా కాలువ గట్టు మీదికి పోకూడదు. పెరట్లోనే, మీ కళ్ల ముందు. లైసెన్సు వచ్చాక మిగతా మాట.

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ చేసి, భీమవరం దగ్గర రైసుమిల్లులో ఫిట్టరుగా చేస్తున్నాను. డిగ్రీ లేనివాడు పైకి రాలేడంటారు మా మేనేజరు. నిజమేనాండీ?

జవాబు: పైన చెప్పిన క్నూడ్సెన్‌ది టెక్నికల్ స్కూలు చదువే. 1937లో జనరల్ మోటార్స్ ప్రెసిడెంటయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం అమెరికా దాకా వచ్చేలా ఉంటే 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలిస్తే, అంత జీతం వదిలి ఏడాదికి ఒక్క డాలరుకి ప్రభుత్వంలో చేరాడు. 1942లో సివిలియన్‌గా ఉన్న మనిషిని నేరుగా లెఫ్టినెంట్ జనరల్‌ని చేశారు. అమెరికా సైన్యంలో అలా మరెవరికీ జరగలేదు. 1948లో పోయాడు.

అలాగని ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు బాబూ. ఈ రోజుల్లో చాలా కంపెనీల్లో డిగ్రీ కాగితం చూడకుండా లోపలికి రానివ్వరు, మీ మేనేజరు అన్నదాంట్లో ఆ మాత్రం నిజముంది. మీకు ఈసెట్ ఉంది, డిప్లొమా చేసినవాళ్లకి పెట్టే ప్రవేశ పరీక్ష. మంచి ర్యాంకు వస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా సీటు. మిల్లు సీజను అయ్యాక పుస్తకాలు ముందేసుకోండి. ఎలివేటరు బెల్టు ఎందుకు పక్కకి జారుతుందో, హల్లరు బేరింగు ఎందుకు వేడెక్కుతుందో ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండండి. ఇంటర్వ్యూలో అడుగుతారు.