వ్యాయ్నో అన్న పేరు ఫిన్లాండులో ఎలా పుట్టింది, మళ్ళీ ఎందుకు వినిపిస్తోంది?

మీ ఫిన్లాండు సహోద్యోగి తన కొడుకుకు ‘వ్యాయ్నో’ అని పేరు పెట్టారనీ, అది పురాణ కాలపు పేరో, ఈమధ్య వచ్చిన వాడుకో తెలియడం లేదనీ రాశారు. హెల్సింకి పక్కనున్న ఎస్పోలో మేము కాపురమున్న రోజుల్లో మా అబ్బాయి వెళ్ళిన పిల్లల కేంద్రంలో కోట్లు తగిలించే కొక్కేల మీద రాసిన పేర్లలో ఒక ఎయినో, ఒక ఒన్ని, ఇద్దరు వ్యాయ్నోలు ఉండేవారు కాబట్టి, ఇదే సందేహం నాకూ అప్పట్లో కలిగింది.

ముందుగా ఉచ్చారణ సంగతి. నేను మన ‘వైనం’ గుర్తొచ్చి ‘వైనో’ అని పిలిస్తే, వాళ్ళలో ఒక పిల్లవాడి అమ్మమ్మగారు నవ్వి సరిదిద్దారు. మనం మాటల్లో ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చా’ దగ్గర పలికే అచ్చు ఉందే, దాదాపు అదే మొదటి అక్షరంలో పలకాలి. చివర పెదవులను ‘ఒ’ అన్నట్టు గుండ్రంగా ఉంచి ‘ఎ’ అనాలి. మొదటిది మనకు పుట్టుకతో వచ్చినదే గానీ, రెండవది నాకు నేటికీ సరిగా రాదు.

ఈ పేరుకు మూలం వ్యాయ్‌నామొయినెన్ అనే వృద్ధ గాయకుడు. 1551లో మికాయెల్ అగ్రికోలా అనే మతాచార్యుడు పూర్వపు దేవతల పట్టికలో ఇతనిని పాటలు అల్లేవాడిగా పేర్కొన్నాడు. జానపదుల నోట ఉన్న పాటలను ఎలియాస్ లొన్‌రోట్ సేకరించి 1835లోనూ, పెంచి 1849లోనూ ‘కలేవాల’గా వెలువరించినప్పుడు, పెద్ద చేప దవడ ఎముకతో కాంతెలే అనే తంతి వాద్యం చేసి వాయించిన ఈ ముసలాయనే ఆ కావ్యానికి ప్రధాన పురుషుడయ్యాడు. ‘వ్యాయ్‌నా’ అంటే వెడల్పుగా, నెమ్మదిగా పారే నది అని అర్థం చెబుతారు. లాత్వియాలోని దౌగవా నదిని ఫిన్నిష్‌లో నేటికీ వ్యాయ్‌నా నది అనే అంటారు.

అయితే పూర్వం ఎవరూ పిల్లలకు ఈ పేరు పెట్టలేదు. అప్పట్లో చదువూ అధికారమూ స్వీడిష్‌లో సాగేవి కాబట్టి, ఇంట్లో యుహానా అని పిలిచే వాడు కూడా చర్చి పుస్తకంలో యోహన్ అయ్యేవాడు. తమ భాషలోనే తమ పేర్లు ఉండాలన్న పట్టుదల ఫిన్నిష్ వారిలో 19వ శతాబ్దంలో పెరిగినప్పుడు, పురాణ పురుషుడి పొడవాటి పేరును కత్తిరించి వ్యాయ్నో అన్నారు. 1906–07లో పదుల వేల మంది స్వీడిష్ ఇంటిపేర్లు వదిలి ఫిన్నిష్ ఇంటిపేర్లు పెట్టుకున్నారంటే ఆ ఉత్సాహం ఊహించవచ్చు. రోజుకో పేరు ఉండే అక్కడి పంచాంగంలో 1908లో ఫిన్నిష్ పేర్లకు విరివిగా చోటు దొరికింది. 1926లో ప్రధానమంత్రి అయిన వ్యాయ్నో తన్నెర్, 1920లో పుట్టి తరువాత 20 మార్కుల నోటు మీదికెక్కిన రచయిత వ్యాయ్నో లిన్నా ఆ తరాల వారే.

ఆ తరువాత ఈ పేరు ముసలివాళ్ళ పేరైపోయి మరుగునపడింది. మళ్ళీ ఈ శతాబ్దంలోనే పుంజుకుని, ఇటీవలి ఏళ్ళలో మగపిల్లలకు ఎక్కువగా పెట్టే మొదటి పది పేర్లలో చేరింది. కావ్యం మీద అభిమానం తిరిగి వచ్చిందేమోనని మా అబ్బాయి స్నేహితుడి తండ్రిని అడిగితే, ‘కలేవాలతో సంబంధం లేదండీ, మా అమ్మమ్మ వాళ్ళ నాన్న పేరు’ అన్నారు. నాకు అర్థమైనంతలో ఇదే అసలు కారణం. మనం తాత పేరు మనవడికి పెడతాం. అక్కడ తాతల తరం పేర్లైన సెప్పో, పెర్త్తి వంటివి, నేటి మన పసిపిల్లలకు సుబ్బారావు అన్నట్టు, కాస్త పాతవాసన వేస్తాయి. ముత్తాతను చూసినవారు ఇంట్లో దాదాపు ఉండరు కాబట్టి, ఆయన పేరు మాత్రం కొత్తగా వినిపిస్తుంది.

మరొక మాట: అక్కడి క్యాలెండరులో చాలా పేర్లకు ఒక్కో రోజు ఉంటుంది, వ్యాయ్నోకు అది ఫిబ్రవరి 17. ఆ రోజున మీ సహోద్యోగికి శుభాకాంక్షలు చెప్పండి; మా పక్కింటివారైతే కాఫీతో పాటు యాలకుల బన్ను కూడా పెట్టేవారు.