సర్వర్ 401 అంటే చెక్ పీకేయడమేనా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నేనూ మా బావమరిదీ కలిసి రొయ్యల రైతుల కోసం ఓ చిన్న యాప్ చేస్తున్నాం. ఏ చెరువుకి ఎంత మేత వేశారు, పట్టుబడిలో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఏరేటర్ల కరెంటు బిల్లు ఎంత, ఇలాంటి లెక్కలు అందులో ఉంటాయి. లాగిన్ కోసం కీక్లోక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాం. లాగిన్ అవుతోంది, టోకెన్ వస్తోంది, కానీ అది పంపితే మా ఏపీఐ సర్వర్ (యాప్ అడిగిన లెక్కలు ఇచ్చేది) 401, అంటే ‘నువ్వెవరో నాకు తెలీదు పో’ అని కొడుతోంది. మూడు రాత్రులు నిద్ర లేదండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఫ్రెండ్‌ని అడిగితే ఆడియన్స్ చెక్ (టోకెన్ ఎవరికి చూపించడానికి ఇచ్చారో చూసేది) తీసేయమన్నాడు. తీసేశాను, ల్యాప్‌టాప్‌లో పనిచేసింది. తీరా డాకర్‌లో (ప్రోగ్రాములని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపేది) సర్వర్ మీద పెట్టాక మళ్లీ 401, ఈసారి లాగ్‌లో ఇష్యూయర్ (టోకెన్ ఇచ్చిందెవరో చెప్పే అడ్రసు) తప్పు అని ఉంది. అది కూడా తీసేయమంటారా?

జవాబు: వద్దు. తీసేసిన మొదటి చెక్ కూడా మళ్లీ పెట్టి, ఆ తర్వాత మిగతాది చదవండి.

నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) మీరు ఎక్కే ఉంటారు. టికెట్ ఇచ్చేది ఒకళ్లు, చూసేది ఇంకొకళ్లు అనుకోండి. ఆ చూసే మనిషి మీ పేరూ ఊరూ అడగడు, ఇంట్లో ఎంతమంది అనీ అడగడు. టికెట్ మన రేవుదేనా, ఇవాళ్టిదేనా, ముద్ర అసలుదేనా, అంతే. కోటిపల్లిలో ముక్తేశ్వరం వెళ్లడానికి కొన్న టికెట్ పట్టుకొచ్చి ‘అదీ గోదావరే, ఇదీ గోదావరే కదండీ’ అంటే ఎక్కనిస్తాడా? మీ కీక్లోక్ టికెట్ ఇచ్చే కౌంటరు, మీ ఏపీఐ సర్వర్ టికెట్ చూసే మనిషి. పాస్‌వర్డ్ సంగతి కౌంటరు చూసుకుంటుంది, సర్వర్ ఆ పాస్‌వర్డ్ మొహం కూడా చూడకూడదు. మీ ఫ్రెండ్ చెప్పింది ఏంటంటే, ఏ రేవు టికెట్ అయినా ఎక్కించేసుకో అని. ఇవాళ మీ కీక్లోక్‌లో ఒక్క యాప్ ఉంది కాబట్టి నష్టం కనపడదు. రేపు అదే రెల్మ్‌లో (కీక్లోక్‌లో యూజర్లనీ యాప్‌లనీ కలిపి ఉంచే విభాగం) మేత కొట్టువాళ్ల డెలివరీ యాప్ కూడా చేర్చారనుకోండి, ఆ యాప్ కోసం ఇచ్చిన టోకెన్ పట్టుకుని రైతుల లెక్కల ఏపీఐ తలుపు తీయొచ్చు. అప్పుడు ఎవరి చెరువులో ఎంత కౌంట్ వచ్చిందో పట్టుబడికి ముందే కొనేవాళ్లకి తెలిసిపోతుంది. మీ ఊళ్లో అది ఎంత గొడవో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు రోగం. మీరు పంపిన టోకెన్ విప్పి చూశాను. మీ టోకెన్ జేడబ్ల్యూటీ రకం, అంటే చుక్కలతో విడదీసిన మూడు ముక్కలు, నడిమి ముక్కలో ఉన్న సమాచారం బేస్64యూఆర్ఎల్‌లో రాసి ఉంటుంది. అది తాళం కాదు, ఎవరైనా విప్పి చదవచ్చు, అందుకని ఆధార్ నంబర్లూ ఫోన్ నంబర్లూ అందులో కుక్కకండి. మీ టోకెన్‌లో ఆడియన్స్ అన్న చోట ‘అకౌంట్’ అని ఉంది, మీ ఏపీఐ పేరు ఎక్కడా లేదు. ఇది మీ తప్పు కాదు, కీక్లోక్ అలవాటే అంత. కొత్తగా చేరిన ప్రతి యూజర్‌కీ తన ప్రొఫైల్ చూసుకోడానికి అకౌంట్ అనే క్లయింట్ (కీక్లోక్‌లో నమోదైన యాప్‌ని అలా అంటారు) తాలూకు రోల్స్, అంటే అనుమతులు, తగిలిస్తుంది, ఏ క్లయింట్ రోల్స్ ఉంటే దాని పేరు ఆడియన్స్‌లో వేస్తుంది. మీ ఏపీఐ అంటూ ఒకటుందని మీరు చెప్పకపోతే దానికి ఎలా తెలుస్తుంది?

చెప్పే పద్ధతి ఇది. ముందు మీ ఏపీఐ పేరుతో ఒక క్లయింట్ ఉండాలి. తర్వాత క్లయింట్ స్కోప్స్‌లోకి వెళ్లి కొత్త స్కోప్ ఒకటి చేసి, దాని మ్యాపర్స్ ట్యాబ్‌లో ఆడియన్స్ రకం మ్యాపర్ (టోకెన్‌లో ఏం రాయాలో చెప్పే సెట్టింగ్) చేర్చి, ఇన్‌క్లూడెడ్ క్లయింట్ ఆడియన్స్ దగ్గర ఆ ఏపీఐ క్లయింట్‌ని ఎంచుకుని, యాక్సెస్ టోకెన్‌లో (ఏపీఐకి చూపించే టోకెన్) వేయమన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అక్కడితో అయిపోయిందని చాలామంది లేచిపోతారు, అవలేదు. ఆ స్కోప్‌ని మీ మొబైల్ యాప్ క్లయింట్‌కి డిఫాల్ట్‌గా తగిలించాలి. తగిలించాక లాగౌట్ చేసి కొత్త టోకెన్ తెచ్చుకోవాలి, పాత టోకెన్‌లో పాత రాతే ఉంటుంది కదా. నేను ఒకసారి ఈ చివరి మాట మర్చిపోయి, బాగానే ఉన్న సెట్టింగులన్నీ గంటసేపు కెలికి నిజంగా పాడుచేసుకున్నాను.

ఇక ఇష్యూయర్. టోకెన్‌లో ఉన్న ఇష్యూయర్ అడ్రసూ, మీ సర్వర్ కాన్ఫిగ్‌లో రాసుకున్న అడ్రసూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అవ్వాలి. చివర ఒక స్లాష్ ఎక్కువైనా, హెచ్‌టీటీపీ పక్కన ఎస్ తక్కువైనా చెల్లదు. మీ సంగతి ఏమైందంటే, ఫోన్లో యాప్ బయటి అడ్రసుతో కీక్లోక్ దగ్గరికి వెళ్తోంది, డాకర్ లోపల ఏపీఐ మాత్రం దాన్ని కంటైనర్ పేరుతో పిలుస్తోంది. హోస్ట్‌నేమ్ ఇదీ అని గట్టిగా చెప్పకపోతే కీక్లోక్ తనని ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే ఇష్యూయర్‌గా రాసేస్తుంది. ఇంటి పేరుతో పిలిస్తే ఒకలా, ముద్దు పేరుతో పిలిస్తే ఒకలా సంతకం పెట్టే మనిషన్నమాట! ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో అయితే ల్యాప్‌టాప్‌కి 10.0.2.2 అనే మూడో పేరు ఉంటుంది, అది ఇంకో తద్దినం. కాబట్టి కీక్లోక్ సెట్టింగుల్లో హోస్ట్‌నేమ్‌గా బయటి ప్రపంచానికి తెలిసిన ఒక్క అడ్రసు పెట్టండి. కీక్లోక్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి ప్రాక్సీ (బయటి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపేది) ఉంటే ప్రాక్సీ హెడర్ల సెట్టింగ్ కూడా చూసుకోండి. ఏపీఐ కాన్ఫిగ్‌లో ఇష్యూయర్‌గా అదే అడ్రసు రాయండి. లోపలి నుంచి ఆ అడ్రసు అందకపోతే, సంతకం సరిచూసే తాళంచెవుల జాబితా ఉండే జేడబ్ల్యూకేఎస్ అడ్రసు ఒక్కటీ కంటైనర్ పేరుతో విడిగా ఇవ్వండి. స్ప్రింగ్ లాంటివాటిలో ఈ రెండూ వేర్వేరుగా ఇచ్చే వీలుంది.

ఏది నిజమైన అడ్రసో ఊహించక్కర్లేదు. రెల్మ్ అడ్రసు చివర ‘.వెల్-నోన్’, స్లాష్, ‘ఓపెన్‌ఐడీ-కాన్ఫిగరేషన్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి బ్రౌజర్‌లో తెరవండి, ఇష్యూయర్ ఏంటో అదే చెప్తుంది, అక్కడినుంచి కాపీ చేసుకోండి. పాత పాఠాలు చూసి చేసేవాళ్లకి ఒక మాట: 2022లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి కీక్లోక్ అడ్రసులో మామూలుగా ‘ఆథ్’ అన్న ముక్క ఉండదు. అంతకుముందు రాసిన పాఠాల్లో ఉంటుంది, అది చూసి కాపీ కొడితే 404 (ఆ పేజీ లేదు) వస్తుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ మీ కోడ్‌లో కనపడింది. లాగిన్ అయ్యాక ఐడీ టోకెన్, యాక్సెస్ టోకెన్ రెండూ వస్తే మీరు ఒకచోట ఐడీ టోకెన్‌ని ఏపీఐకి పంపుతున్నారు. ఓఆథ్ 2.0 అనేది 2012లో వచ్చినప్పుడు ‘ఈ యాప్‌ని ఈ పని చేయనివ్వచ్చా’ అన్నదాని కోసమే వచ్చింది, ‘ఈ మనిషి ఎవరు’ అన్నది 2014లో ఓపెన్‌ఐడీ కనెక్ట్ దాని మీద చేర్చింది. ఐడీ టోకెన్ మీ యాప్ చదువుకోడానికి, యాక్సెస్ టోకెన్ ఏపీఐకి చూపించడానికి. ఒకదాని బదులు ఒకటి వాడొద్దు.

ప్రశ్న: నమస్తే మాస్టారూ, మాది పాలకొల్లు. మేము కొబ్బరి వ్యాపారులకి యాప్ చేశాం. మాటిమాటికీ లాగిన్ అడుగుతోందని విసుక్కుంటున్నారు, కొంతమంది యాప్ తీసేశారు కూడా. యాక్సెస్ టోకెన్ గడువు 30 రోజులు పెట్టేస్తే ఏమవుతుంది?

జవాబు: ఏమవుతుందంటే, ఎవరిదైనా ఫోన్ పోయిందంటే 30 రోజులు మీకు టెన్షనేనమ్మా. మీ ఏపీఐ టోకెన్ మీద సంతకమూ గడువూ చూసి ఊరుకుంటుంది గానీ ప్రతిసారీ కీక్లోక్‌కి ఫోన్ చేసి ‘ఇది ఇంకా చెల్లుతుందా’ అని అడగదు కదా. మీరు కీక్లోక్‌లో ఆ మనిషిని తీసేసినా, ఇచ్చేసిన టోకెన్ గడువు తీరేదాకా పనిచేస్తూనే ఉంటుంది. కీక్లోక్ మామూలుగా 5 నిమిషాలు ఇచ్చేది అందుకే. దాన్ని అలాగే ఉంచి, రిఫ్రెష్ టోకెన్ వాడండి. యాప్ వెనకాలే చడీచప్పుడు లేకుండా కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకుంటుంది, వ్యాపారికి లాగిన్ పేజీ కనపడదు.

అయితే మామూలు సెషన్ అరగంట కదలకపోతే ముగుస్తుంది. కాయ దింపు దగ్గర నిలబడ్డ మనిషి అరగంటకోసారి ఫోన్ తీస్తాడా? అందుకని ఆఫ్‌లైన్ యాక్సెస్ అనే స్కోప్ అడగండి, దానికి కదలకుండా ఉండే గడువు మామూలుగా 30 రోజులు. ఫోన్ పోయిందని కబురొస్తే కీక్లోక్‌లో ఆ సెషన్ కొట్టేయండి, మహా అయితే 5 నిమిషాల్లో ఆ ఫోన్ బయటికి వచ్చేస్తుంది.

మీ యాప్‌లో మీరే పాస్‌వర్డ్ బాక్స్ గీసి, అది తీసుకుని కీక్లోక్‌కి పంపుతున్నామని రాశారు. ఆ పద్ధతి వదిలేయండి, 2025లో వచ్చిన ఓఆథ్ భద్రతా సూచనలు దాన్ని వాడనే వద్దంటున్నాయి. ఫోన్లోని బ్రౌజర్‌లో కీక్లోక్ పేజీయే తెరిచి, ఆథరైజేషన్ కోడ్ పద్ధతిలో (ముందు ఒక కోడ్ వస్తుంది, యాప్ దాన్ని ఇచ్చి టోకెన్ తెచ్చుకుంటుంది), పీకేసీఈ (ఆ కోడ్ దొంగిలించినవాడికి పనికిరాకుండా చేసే రక్షణ) పెట్టి చేయండి. క్లయింట్ సీక్రెట్ (క్లయింట్ తాలూకు పాస్‌వర్డ్ లాంటిది) ఏపీకే ఫైల్లో, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్లో, దాచడం కూడా వద్దు, ఏపీకే విప్పడం పిల్లలాట.

ప్రశ్న: మా సర్వర్‌లో ప్రతి టోకెన్ పుట్టగానే గడువు తీరిపోయిందంటోంది. ఆడియన్స్, ఇష్యూయర్ అన్నీ సరిపోయాయి. ఏం చేయాలి? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గడియారం చూడండి. మన ఇళ్లల్లో బస్సు తప్పిపోతుందని గోడ గడియారం 10 నిమిషాలు ముందుకి పెడతారు చూశారూ, మా ఆఫీసులో ఒక మహానుభావుడు సర్వర్‌గా వాడే డెస్క్‌టాప్‌కి కూడా అదే చేశాడు. టోకెన్ ఆయుష్షు 5 నిమిషాలు, గడియారం 10 నిమిషాలు ముందు, ఇంకేముంది, పుట్టినవి పుట్టినట్టే పోయాయి. టైమ్‌జోన్ మార్చి ప్రయోజనం లేదు, టోకెన్‌లో టైము 1970 జనవరి 1 నుంచి యూటీసీ లెక్కన సెకన్లలో ఉంటుంది. క్రోనీ లాంటిది పెట్టి టైము నెట్‌ నుంచి తెచ్చుకోనివ్వండి. అర నిమిషమో నిమిషమో తేడా ఓర్చుకునే సెట్టింగ్ చాలా లైబ్రరీల్లో ఉంటుంది, అంతవరకూ పర్లేదు.

అన్నట్టు, మీ ఉత్తరంతో పాటు కాన్ఫిగ్ ఫైల్ మొత్తం పంపారు, అందులో క్లయింట్ సీక్రెట్ కూడా ఉంది. అచ్చులో ఆ లైను కొట్టేశాం లెండి, అయినా క్రెడెన్షియల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి ఇవాళే రీజెనరేట్ నొక్కేయండి.