పాత సర్వర్‌లోని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మార్చాలంటే డంప్ తీసి ఎక్కిస్తే సరిపోతుందా?

మీరు చెప్పినదాన్ని బట్టి పాత సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7, కొత్తదాంట్లో 8.0. డేటా 40 జీబీ, అందులో ఎక్కువ భాగం తెలుగు టెక్స్ట్. సైట్ గంటకు మించి ఆగకూడదు. ఈ పరిస్థితిలో డంప్ తీసి, అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైల్లోకి రాసుకుని, ఎక్కించడం సగం పని కూడా కాదు.

నేను మొదటిసారి ఇలాంటి మార్పిడి చేసినప్పుడు డంప్ ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కింది, అరగంటలో సైట్ లేచింది. మూడో రోజు సాయంత్రం లెక్కలు చూసే ఆవిడ వచ్చి, "సోమవారం నుంచి వచ్చిన చెల్లింపులు రిపోర్టులో లేవండీ" అన్నారు. వెతికితే, రోజూ రాత్రి 2 గంటలకు దానంతటదే నడిచే క్రాన్ స్క్రిప్ట్ ఒకటి ఇంకా పాత సర్వర్‌కే రాస్తోంది. ఐపీ అడ్రస్ ఆ స్క్రిప్ట్‌లోనే నేరుగా రాసి ఉంది. ఎందుకైనా మంచిదని పాత సర్వర్‌ని నేను అలాగే నడుస్తూ వదిలేశాను. అది బతికే ఉంది కాబట్టి స్క్రిప్ట్‌కి ఎర్రర్ రాలేదు, మాకు తెలియలేదు. మూడు రాత్రుల వరసల్ని (టేబుల్లో పడ్డ రికార్డుల్ని) తెచ్చి కలపడానికి రెండు రోజులు పట్టింది. రెండు సర్వర్లూ ఒకే నంబర్ నుంచి ఐడీలు ఇచ్చుకుంటూ పోవడంతో, అక్కడ 5012 ఒకరి చెల్లింపైతే ఇక్కడ 5012 ఇంకొకరిది. దాంతో ప్రతి వరసనీ కళ్లతో చూసి కలపాల్సి వచ్చింది.

అందుకే ముందు డంప్ జోలికి పోకండి. పాత డేటాబేస్‌తో ఎవరెవరు మాట్లాడుతున్నారో పట్టుకోండి. షో ప్రాసెస్‌లిస్ట్ అనే కమాండ్ ఆ క్షణంలో ఉన్నవాళ్లనే చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ తన పనితీరు లెక్కలు పెట్టుకునే పెర్ఫార్మెన్స్ స్కీమాలో అకౌంట్స్ అనే టేబుల్ ఉంటుంది, అందులో ఏ యూజర్ ఏ హోస్ట్ (కంప్యూటర్) నుంచి ఎన్నిసార్లు కనెక్ట్ అయ్యాడో సర్వర్ చివరిసారి మొదలైనప్పటి నుంచీ లెక్క ఉంటుంది. నెలకోసారి నడిచే స్క్రిప్టులు కూడా దొరకాలంటే, సర్వర్‌ని రీస్టార్ట్ చేయకుండా ఒక నెల దాటాక చూడండి. పేరు గుర్తుపట్టలేని హోస్ట్ ఒక్కటి కనిపించినా, అదేంటో తేలేదాకా ముందుకెళ్లకండి.

రెండోది తెలుగు టెక్స్ట్. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ఎర్రర్ ఇవ్వదు, నెమ్మదిగా పాడుచేస్తుంది. క్యారెక్టర్ సెట్ అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. 5.7లో సర్వర్ డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1, 8.0లో యూటీఎఫ్8ఎంబీ4, అంటే మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8. పాత పీహెచ్‌పీ కోడ్ చాలావరకు కనెక్షన్‌కి ఏ క్యారెక్టర్ సెట్ కావాలో చెప్పదు, సర్వర్ డిఫాల్ట్ ఏదుంటే అదే పట్టుకుంటుంది. అలాంటి చోట కాలమ్ లాటిన్1, కనెక్షన్ లాటిన్1, లోపల కూర్చున్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏళ్ల తరబడి తెలుగు చక్కగా కనబడుతుంది. సర్వర్ మారిన రోజున కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 అవుతుంది, ఒక తప్పు పోయి రెండోది బయటపడుతుంది. పేజీ నిండా నెత్తిన గీతతో చిన్న లాటిన్ ఏ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, లేదా కూడిక-తీసివేత గుర్తు. ఈ జంటలు కనబడితే అది తెలుగే అని గుర్తుపట్టొచ్చు, ఎందుకంటే తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 అనే రెండు బైట్లతో మొదలవుతాయి.

పరీక్ష రెండు నిమిషాల పని. "తెలుగు" అనే మాట ఒక్కటే ఉన్న వరస ఒకటి చూసుకోండి. ఆ మాటలో హల్లులూ గుణింతపు గుర్తులూ కలిపి 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడి గుర్తులు), ఒక్కొక్కటి 3 బైట్లు. గుర్తుల్ని లెక్కపెట్టే క్యార్ లెంగ్త్ ఫంక్షన్ 6, బైట్లను లెక్కపెట్టే లెంగ్త్ ఫంక్షన్ 18 చూపిస్తే అంతా బాగున్నట్టు. రెండూ 18 అయితే లాటిన్1 కాలమ్‌లో యూటీఎఫ్-8 బైట్లు దాక్కున్నాయి. క్యార్ లెంగ్త్ 18 ఉండి లెంగ్త్ దానికంటే పెద్దదైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిపోయింది. బైట్లను ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ ఫంక్షన్‌తో కూడా చూడండి: "త" అక్షరం ఈ0బీ0ఏ4 అని రావాలి. సీ3ఏ0తో మొదలైతే అది ఈ మూడో రకం.

లాటిన్1లో బైట్లు దాక్కున్న కాలమ్‌ని ముందు బ్లాబ్ లేదా వార్‌బైనరీకి (ఒట్టి బైట్లుగా దాచే రకాలు) మార్చి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. నేరుగా మారిస్తే మైఎస్‌క్యూఎల్ ఆ బైట్లను లాటిన్ అక్షరాలనుకుని మార్చేస్తుంది, ఉన్న చిక్కు ఇంకా ముదురుతుంది. ఈ మరమ్మతూ సర్వర్ మార్పిడీ ఒకే రాత్రి పెట్టుకోకండి. మరమ్మతు పాత సర్వర్‌లోనే ముందు వారం ముగించి, యాప్ కనెక్షన్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా రాసి, అది నిలదొక్కుకున్నాకే కదలండి. రెండూ కలిపి చేసిన రాత్రి, ఏది ఏ కారణంగా చెడిందో తెలియక తెల్లారేదాకా కూర్చున్నాను.

ఇక డంప్. డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే టేబుళ్లకు తాళం వేయకుండా ఒకే క్షణపు చిత్రం దొరుకుతుంది. కానీ అది ఇన్నోడీబీ రకం టేబుళ్లకే. ఎక్కడో మైఐసామ్ అనే పాత రకం టేబుల్ ఒకటి మిగిలి ఉంటే దానికి ఆ హామీ లేదు, ముందే మార్చేయండి. డేటాబేస్ లోపలే దాచిన కోడ్‌లో ట్రిగ్గర్లు వాటంతటవే వస్తాయి, స్టోర్డ్ ప్రొసీజర్లూ, వేళకు నడిచే ఈవెంట్లూ రావు, వాటికి రౌటీన్స్, ఈవెంట్స్ అనే ఆప్షన్లు విడిగా ఇవ్వాలి. 8.0 క్లయింట్‌తో 5.7 నుంచి డంప్ తీస్తే కాలమ్ స్టాటిస్టిక్స్ టేబుల్ లేదని ఆగిపోతుంది, కాలమ్ స్టాటిస్టిక్స్ ఆప్షన్‌ని సున్నా చేయండి. విండోస్ పవర్‌షెల్‌లో అవుట్‌పుట్‌ని బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లించొద్దు, అది యూటీఎఫ్-16లో రాసేస్తుంది. రిజల్ట్ ఫైల్ ఆప్షన్ వాడండి.

ఎక్కించేటప్పుడు తగిలేవి కొన్ని ముందే చెబుతాను. నో ఆటో క్రియేట్ యూజర్ అనే ఎస్‌క్యూఎల్ మోడ్‌ని 8.0లో తీసేశారు, కానీ 5.7 డంప్‌లో ట్రిగ్గర్ల దగ్గరా ప్రొసీజర్ల దగ్గరా అది రాసి ఉంటుంది, ఎర్రర్ 1231 వస్తుంది. డంప్ ఫైల్లోంచి ఆ మాట తీసేస్తే సరి. వ్యూ (టేబుల్‌లా వాడుకునేలా దాచిన క్వెరీ) సృష్టించిన యూజర్ కొత్త సర్వర్‌లో లేకపోతే 1449 వస్తుంది, అది కూడా ఎక్కించేటప్పుడు కాదు, ఎవరైనా ఆ వ్యూని తెరిచినప్పుడు. ర్యాంక్ అనే మాట 8.0లో రిజర్వ్‌డ్ వర్డ్ అయింది. ఆ పేరుతో కాలమ్ ఉంటే డంప్ బాగానే ఎక్కుతుంది, యాప్‌లోని క్వెరీ విరుగుతుంది. అందుకే అసలు రాత్రికి ముందు చేసే రిహార్సల్ అంటే డేటా ఎక్కించి చూడడం మాత్రమే కాదు, యాప్ కాపీని కొత్త డేటాబేస్‌కి తగిలించి ప్రతి స్క్రీనూ తెరిచి చూడాలి.

రిహార్సల్‌లో గడియారం పెట్టుకోండి. 40 జీబీ ఎక్కడానికి ఎంత పడుతుందో మీ డిస్క్, మీ ఇండెక్స్‌లే చెప్పాలి. మీరు దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగినా పని ఆగకుండా టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపల నడపండి. గంటలోపు అయిపోతే, సైట్ ఆపి డంప్ తీసి ఎక్కించే సాదా దారే మంచిది, చెడిపోయే చోట్లు తక్కువ. గంట దాటితే రెప్లికేషన్ పెట్టండి, అంటే పాత సర్వర్‌లో జరిగే మార్పులు ఎప్పటికప్పుడు కొత్తదానికి చేరే ఏర్పాటు. 5.7 నుంచి 8.0కి ఇది అనుమతించిన దారే. డంప్ తీసేటప్పుడు మాస్టర్ డేటా ఆప్షన్ ఇస్తే బైనరీ లాగ్ (మార్పులన్నీ వరసగా రాసుకునే చిట్టా) స్థానం ఫైల్లోనే పడుతుంది, అక్కడి నుంచి కొత్త సర్వర్ మిగతాది అందుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఈవెంట్ షెడ్యూలర్ 5.7లో మామూలుగా ఆపి ఉంటుంది, 8.0లో నడుస్తూ ఉంటుంది. మార్పిడి ముగిసేదాకా కొత్త సర్వర్‌లో దాన్ని ఆపి ఉంచండి.

మార్చే రాత్రి ముందు క్రాన్ జాబులు ఆపండి, సైట్‌కి మెయింటెనెన్స్ పేజీ పెట్టండి, తర్వాత పాత సర్వర్‌లో ఎవరూ కొత్తగా రాయకుండా ఆపే సూపర్ రీడ్ ఓన్లీ ఆన్ చేయండి. ఒట్టి రీడ్ ఓన్లీ సరిపోదు, సూపర్ హక్కు ఉన్న యూజర్ దాన్ని దాటుకుని రాసేస్తాడు, పాత స్క్రిప్టులు చాలా వరకు అన్ని హక్కులూ ఉన్న రూట్‌గానే కనెక్ట్ అవుతుంటాయి. రెప్లికేషన్ పెట్టి ఉంటే రెప్లికా (అంటే కొత్త సర్వర్) పాత సర్వర్ లాగ్‌లోని చివరి స్థానం దాకా వచ్చిందని చూసుకున్నాక ప్రతి టేబుల్‌లో వరసలు లెక్కపెట్టండి. ఇన్ఫర్మేషన్ స్కీమాలో కనబడే వరసల సంఖ్య ఇన్నోడీబీకి అంచనా మాత్రమే, దాన్ని పోల్చి కంగారు పడొద్దు. కౌంట్ స్టార్‌తోనే లెక్కించండి. డబ్బు ఉన్న టేబుళ్లలో మొత్తాలు కూడా కూడి రెండు వైపులా సరిచూడండి. అన్నీ కుదిరాకే యాప్‌ని అటు తిప్పండి.

కొత్త సర్వర్‌లో మొదటి వరస పడ్డ క్షణం నుంచి వెనక్కి వెళ్లడం అంటే ఆ వరసల్ని వదులుకోవడమే. కాబట్టి "ఏది చెడితే వెనక్కి వెళ్తాం, ఎన్ని గంటల వరకు" అన్నది ఆ రాత్రి కాకుండా ముందు రోజే, డేటా ఎవరిదో వాళ్లతో కూర్చుని రాసుకోండి.

తర్వాత పాత సర్వర్‌ని చెరపకండి, కానీ తలుపు మాత్రం తెరిచి ఉంచొద్దు. అందులోని యాప్ యూజర్ల పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చేయండి. విఫలమైన లాగిన్లు ఎర్రర్ లాగ్‌లో పడేలా లాగ్ వెర్బాసిటీ 3లో ఉందో లేదో చూసి, యాక్సెస్ డినైడ్ వరసల్ని రోజూ ఉదయం చదవండి. నేను మూడోసారి మార్చినప్పుడు ఆ లాగ్‌లో రెండో రోజే ఒక ఐపీ దొరికింది. నెలకోసారి చందాదారుల చిరునామాలు ముద్రించే యంత్రం పక్కనున్న కంప్యూటర్ అది. ఎవరి జాబితాలోనూ లేదు.