వేలిముద్ర వేస్తే ఖాతాలో డబ్బు తగ్గింది, చేతికి రాలేదు. ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర సీఎస్‌పీలో (బ్యాంకు తరఫున నడిచే కస్టమర్ సర్వీస్ పాయింట్) ఇలా అయితే ఏం చేయాలి?

రెండోసారి వేలు పెట్టకండి. ముందు బ్యాలెన్స్ చూపించమనండి. ఆధార్ చెల్లింపులో (ఏఈపీఎస్) మీ బ్యాంకు డబ్బు తగ్గించాక, ఆ జవాబు ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపుల్ని కలిపే సంస్థ) మీదుగా తిరిగి మిషన్‌కి చేరాలి. సిగ్నల్ పోతే జవాబు మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ వేలు పెడితే రెండోసారి కూడా కోత పడొచ్చు.

స్లిప్పు తప్పకుండా అడగండి. అందులో 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ (ఆ లావాదేవీ నంబరు) ఉంటుంది, ఫిర్యాదుకి అదే ఆధారం. "ఫెయిల్" అనో, జవాబు రాలేదనో ఉంటే ఖాతా ఉన్న బ్యాంకులో రాసివ్వండి. ఆర్‌బీఐ 2019 నిబంధన ప్రకారం 5 రోజుల్లో సొమ్ము వెనక్కి వేయాలి, దాటితే రోజుకి రూ.100 పరిహారం. ఈ వంద సంగతి కౌంటర్లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. 30 రోజులైనా తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులపై ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి 14448.

స్లిప్పులో "సక్సెస్" అని ఉండి, ఆపరేటర్ మాత్రం "సర్వర్ లేదు" అంటే అది సాంకేతిక లోపం కాదు, మోసం. వెంటనే బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అసలు ముద్రే పడకపోవడం వేరే సంగతి. జీడిపిక్కలు ఒలిచేవాళ్లకి జీడినూనె తగిలి వేలి కొనలు కాలి, గీతలు చెరిగిపోతాయి. చెయ్యి కడిగి తుడుచుకుని వేరే వేలు పెట్టి చూడాలి. అప్పటికీ పడకపోతే ఆధార్ కేంద్రంలో ముద్రలు కొత్తగా ఇచ్చి చూడొచ్చు.