గాలం వేస్తే గోల్డ్ పడుతుందా? – స్టార్‌డ్యూ వ్యాలీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలన్నీ ఒక్కచోటే తిరిగాయి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయ వీడియో గేమ్‌లో మొదటి వసంతంలో చేతిలో డబ్బు (ఆటలో దాన్ని గోల్డ్ అంటారు) ఆడటం లేదు, చేపలు పడితే వస్తుందంటున్నారు, నిజమేనా అని. నిజమే. కాకపోతే ఎక్కడ పట్టాలి, వచ్చిన డబ్బు దేనికి పెట్టాలి అన్న దగ్గర చాలామంది తప్పుతున్నారు. కింద చెప్పిన ధరలన్నీ సాధారణ నాణ్యత చేపకి వచ్చేవి.

ప్రశ్న: మొదటిరోజు ఉన్న 500 గోల్డ్ విత్తనాలకే పెట్టేశాను. అవి కాపుకొచ్చేదాకా చేతిలో పైసా లేదు. చేపల వేట ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంటర్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: రెండోరోజు పొద్దున మీ పోస్టు డబ్బాలో, సముద్రం ఒడ్డున చేపల దుకాణం నడిపే విల్లీ రాసిన ఉత్తరం ఉంటుంది. మొక్కలకి నీళ్లు పోసేసి, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 లోపు సముద్రం ఒడ్డుకి వెళ్తే అతను వెదురు గాలం ఉచితంగా ఇస్తాడు. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడేది. గాలం చేతికొచ్చింది, ఎదురుగా సముద్రం ఉంది కదా అని అక్కడే కూర్చుంటారు. వసంతంలో సముద్రంలో ఎక్కువగా తగిలేవి ఆంకోవీ, హెర్రింగ్, సార్డీన్. మొదటి రెండూ 30 గోల్డ్, సార్డీన్ 40. పైగా ఈ మూడూ ఉన్నచోట ఉండవు, పైకీ కిందకీ ఎగిరెగిరి పడతాయి. కష్టం ఎక్కువ, కూలి తక్కువ.

అక్కణ్ణుంచి ఊరు దాటి ఉత్తరానికి, గని పక్కనున్న కొండ చెరువుకి వెళ్లండి. మూడోరోజు నుంచైతే పొలానికి ఉత్తరం వైపున్న దారిలో నేరుగా పోవచ్చు. అక్కడ లార్జ్‌మౌత్ బాస్ 100 గోల్డ్, బుల్‌హెడ్ 75, చబ్ 50, కార్ప్ 30. బాస్ పొద్దున 6 నుంచి సాయంత్రం 7 వరకే పడుతుంది, మిగతా మూడూ ఏ వేళైనా పడతాయి. ఏడు దాటాక ఇంకా ఓపికుంటే నదికి దిగండి. సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా బ్రీమ్ ఉంటుంది, 45 గోల్డ్.

లెక్క చూడండి. మొదటిరోజు ఊరికే ఇచ్చిన 15 పార్స్‌నిప్ విత్తనాలు నాలుగు రోజులు పెరిగి, ఒక్కోటి 35 చొప్పున మొత్తం 525 గోల్డ్ ఇస్తాయి. చెరువు దగ్గర ఒక్క పూట ఆరు బాస్‌లు, ఎనిమిది చబ్‌లు, నాలుగు కార్ప్‌లు పడ్డాయనుకోండి, 1,120 గోల్డ్. చేయి తిరిగితే ఇంకా పైనే.

గాలం విసిరేటప్పుడు బటన్ నొక్కి పట్టుకుని, మీటర్ నిండి మాక్స్ అని పడినప్పుడు వదలండి. బెండు గట్టుకి ఎంత దూరంగా పడితే చేప నాణ్యత అంత పెరుగుతుంది, ఐదు గడుల దూరం దాకా. అందుకని ఏ మూలో నిలబడి పక్క గట్టు వైపు కాకుండా నడి చెరువు వైపు తిరిగి విసరండి. నీటిమీద ఎక్కడైనా బుడగలు కనిపిస్తే సరిగ్గా వాటి మీదే వేయండి, చేప చాలా తొందరగా తగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయితో కలిసి ఫోన్లో ఆడుతున్నాను. గాలానికి చేప పడుతోంది గానీ ఆ ఆకుపచ్చ బార్ నా మాట వినడం లేదు. పైకి పోతే పైకే, కిందకి పడితే బంతిలా గెంతుతోంది. పది చేపల్లో ఒక్కటి కూడా నిలవడం లేదు.
– గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, లోపం మీ చేతిలో లేదు, బార్ పొడవులో ఉంది. ఫిషింగ్ లెవెల్ (చేపల వేటలో మీ నైపుణ్యం) సున్నాలో ఆ బార్ బాగా పొట్టి. లెవెల్ పెరిగినకొద్దీ సాగుతుంది. అందాకా ఇలా చేయండి.

ముందు గమనించాల్సింది: చేప బొమ్మ బార్ లోపలే ఉండేలా చూడాలి. వేలు నొక్కి ఉంచితే బార్ వేగం పుంజుకుంటూ పైకి పోతుంది, వదిలేస్తే వేగం పుంజుకుంటూ పడుతుంది. ఎంత ఎత్తు నుంచి పడితే అడుగున తగిలి అంతగా గెంతుతుంది. ఆ గెంతే చేపని పోగొట్టేది. కాబట్టి బార్ పడుతున్నప్పుడు అడుగు తగలకముందే ఒకటి రెండు సార్లు చిన్నగా తట్టండి, దెబ్బ మెత్తబడుతుంది. చేప ఒకచోట నిలబడినప్పుడు నొక్కి పట్టుకోవద్దు, టకటకా తడుతూ ఉంటే బార్ గాల్లో నిలబడినట్టు ఉంటుంది. చేప బొమ్మ బార్‌కి నట్టనడుమ ఉండాలని లేదు, బార్ లోపల ఎక్కడున్నా పక్కనున్న మీటర్ నిండుతూనే ఉంటుంది. చేప కొస దాకా వచ్చింది కదా అని కంగారుపడి పెద్దగా నొక్కితేనే అది జారిపోయేది.

ఒక్కో చేప నడక ఒక్కో రకం. బుల్‌హెడ్, బ్రీమ్ నిదానంగా జారుతూ కదులుతాయి. చబ్ ఉన్నట్టుండి దూకుతుంది, కానీ మరీ మొండిది కాదు. కార్ప్ అన్నిటికన్నా సులువు. బాస్ వీటన్నిటికన్నా గట్టిది.

ఇంకా కుదరకపోతే విల్లీ దుకాణంలో 25 గోల్డ్‌కి ట్రైనింగ్ రాడ్ కొనండి. దానితో బార్ ఐదో లెవెల్‌కి వచ్చినంత పొడవు ఉంటుంది. అయితే దానికి రెండు లోపాలున్నాయి. దానితో పట్టినవన్నీ సాధారణ నాణ్యతవే. తేలిక చేపలే పడతాయి, బాస్ ఆ గాలానికి అసలు తగలదు. అంటే అది సంపాదనకి కాదు, సాధనకి. కార్ప్, చబ్, బుల్‌హెడ్ పడుతూ రెండో లెవెల్ దాకా దానితో లాగి, తర్వాత వెదురు గాలానికి మారండి.

చేపని లాగుతుండగా తెరమీద నిధి పెట్టె కనిపించిందా? చేప మీటర్ సగం పైన ఉంటేనే దాని జోలికి వెళ్లండి. చేప తప్పించుకుంటే పెట్టె కూడా పోతుంది.

ప్రశ్న: మధ్యాహ్నానికే ఎనర్జీ అయిపోయి ఇంటికి పోయి పడుకోవాల్సి వస్తోంది. దీనికి మార్గం?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మొదట్లో మీ ఎనర్జీ 270. గాలం ఒక్కసారి విసిరితే 8 పోతుంది. చేప పడ్డా, చెత్త పడ్డా, తొందరపడి ముందే లాగేసినా అదే 8. అంటే వేరే పనేమీ చేయకపోతే 33 సార్లు విసరొచ్చు. ఒక మొక్కకి నీళ్లు పోస్తే 2. పదిహేను మొక్కలకి 30 పోయాక 30 విసుర్లే మిగులుతాయి. పొద్దున్నే చెట్లు కొట్టి, రాళ్లు పగలగొట్టి ఆ తర్వాత చెరువుకి వెళ్తుంటే మధ్యాహ్నానికి అయిపోక ఏమవుతుంది! వేటకి వెళ్లే రోజు గొడ్డలి, గునపం పెట్టెలో పడేసి వెళ్లండి.

డబ్బు పెట్టకుండా దొరికే తిండి కూడా ఉంది. సిండర్‌సాప్ అడవి దక్షిణం కొసన వసంతంలో ఉల్లికాడలు మొలుస్తాయి, ఒక్కోటి 13 ఎనర్జీ. అమ్మితే 8 గోల్డే, తినడమే లాభం. గాలానికి తగిలే నాచు కూడా అంతే, పారేయకండి. ఊళ్లో తిండి, పానీయాలు అమ్మే సెలూన్లో సలాడ్ 220 గోల్డ్, 113 ఎనర్జీ ఇస్తుంది. అంటే 14 విసుర్లు. అందులో మూడు బాస్‌లు పడినా గిట్టుబాటే. కానీ చేయి ఇంకా కుదరనివాళ్లు దాని జోలికి పోవద్దు.

ఎనర్జీని పూర్తిగా సున్నా చేసుకుని పడుకుంటే మరునాడు నిండుగా రాదు. ఆఖరి విసురుకి ముందు ఆగి పడుకోవడం మేలు. రాత్రి 2 దాటి బయట పడిపోతే చేతిలో ఉన్న డబ్బులో కొంత పోతుంది. వేడినీళ్ల స్నానశాల గురించి అడుగుతున్నవాళ్లకి: ఆ దారి వేసవి 3న గానీ తెరుచుకోదు.

ప్రశ్న: చేపల్ని అప్పటికప్పుడు అమ్మేయాలా, దాచిపెడితే ధర పెరుగుతుందా?
– చిరు వ్యాపారి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ధర కోసం కోల్డ్ స్టోరేజీలో పెట్టే మిర్చిలాంటిది కాదండీ ఇది. ధర ఏ రోజుకైనా ఒకటే. చేప పాడవదు కూడా. విల్లీ దగ్గరైనా, పొలంలో ఉన్న షిప్పింగ్ డబ్బాలోనైనా అదే రేటు. తేడా ఒక్కటే: విల్లీ చేతికి డబ్బు వెంటనే ఇస్తాడు, డబ్బాలో వేస్తే మరునాడు పొద్దున జమవుతుంది. విల్లీ దుకాణం సాయంత్రం 5కి మూస్తాడు, శనివారం తెరవడు, ఆ రోజు వాన పడితే తప్ప.

దాచడం వల్ల లాభం వచ్చేది ఒక్క సందర్భంలోనే. ఐదో ఫిషింగ్ లెవెల్ దగ్గర రెండు వృత్తుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. ఫిషర్ తీసుకుంటే చేపల ధర 25 శాతం పెరుగుతుంది. మీరు నాలుగో లెవెల్ చివర్లో ఉండి, డబ్బు అవసరం లేకపోతే, పట్టినవి పెట్టెలో పెట్టి లెవెల్ వచ్చాక అమ్మండి. పెట్టెకి 50 కట్టెలు చాలు.

ప్రశ్న: 2,000 గోల్డ్ కూడబెట్టాను. పెద్ద సంచీ కొనాలా, ఫైబర్‌గ్లాస్ రాడ్ కొనాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇవాళ ఏ తేదీ అన్నదాన్ని బట్టి. పియెర్ దుకాణంలో సంచీ 2,000, పన్నెండు అరలు ఇరవై నాలుగవుతాయి. ఫైబర్‌గ్లాస్ రాడ్ 1,800, రెండో లెవెల్ వస్తే విల్లీ అమ్ముతాడు. దానికి ఎర పెట్టొచ్చు, వెదురు గాలానికి పెట్టలేం. ఎర ఉంటే చేప తగిలే దాకా ఎదురుచూసే సమయం సగానికి తగ్గుతుంది. ఒక్కో ఎర 5 గోల్డ్. అయితే మీకు రోజూ ముందు అయిపోయేది సమయమా, ఎనర్జీయా? చీకటి పడకముందే ఎనర్జీ అయిపోతుంటే ఆ రాడ్ వల్ల ఇప్పట్లో ఒరిగేదేమీ లేదు, పని తొందరగా ముగుస్తుందంతే.

మా ఓటు రెండిటికీ కాదు, స్ట్రాబెర్రీకి. వసంతం 13న గుడ్ల పండుగలో పియెర్ అంగడి పెడతాడు. స్ట్రాబెర్రీ విత్తనం 100 గోల్డ్. ఎనిమిది రోజుల్లో కాపుకొస్తుంది, తర్వాత నాలుగు రోజులకోసారి. 13నే నాటితే 21న ఒకసారి, 25న ఒకసారి కోయొచ్చు. పండు 120. అంటే 2,000 పెట్టి 20 విత్తనాలు కొంటే 40 పళ్లు, 4,800 గోల్డ్. 14న నాటినా రెండు కాపులు వస్తాయి గానీ, 16 దాటితే ఒక్కటే.

దీనికో కిటుకుంది. 13న పొద్దున లేవగానే, పండుగకి బయల్దేరకముందే, ఖాళీ నేల తవ్వి తడిపి ఉంచండి. పండుగ పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు. అది ముగిసి ఇంటికొచ్చేసరికి రాత్రి 10 అవుతుంది. అప్పుడు తడి మడిలో విత్తనం పెట్టి పడుకుంటే చాలు, ఆ రోజు లెక్కలో పడుతుంది. చీకట్లో తవ్వుకుంటూ, నీళ్లు మోసుకుంటూ ఉండక్కర్లేదు.

మొక్కలు పదిహేను దాటితే కాకులొస్తాయి. దిష్టిబొమ్మ చేసుకోండి: 50 కట్టెలు, ఒక బొగ్గు, 20 నార. ఫార్మింగ్ ఒకటో లెవెల్‌కే తయారీ తెలుస్తుంది. విత్తనాలు ఎన్ని కొనాలన్నది డబ్బుని బట్టే కాదు, నీళ్లని బట్టి కూడా. 60 మొక్కలంటే రోజూ 120 ఎనర్జీ, అంటే పదిహేను విసుర్లు. ఇరవై ముప్పై దగ్గర ఆగితే రెండు పనులూ సాగుతాయి.

13వ తేదీ శనివారం. ఆ రోజు విల్లీ ఉండడు. 12న పట్టినవి సాయంత్రం 5 లోపు అతనికి అమ్మేయండి, లేదా రాత్రి పడుకునేలోపు డబ్బాలో వేయండి. పెట్టెలో చేపలు నిండి ఉండి, పండుగలో జేబు ఖాళీగా నిలబడటం కన్నా దురదృష్టం ఉండదు.

ప్రశ్న: వానలో క్యాట్‌ఫిష్ 200 గోల్డ్ అంటున్నారు. మూడోరోజే వాన కదా, వెళ్లనా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, మంగళగిరి

జవాబు: మొదటి ఏడాది వసంతం 3న వాన ఖాయం. నదిలో పొద్దున 6 నుంచి అర్ధరాత్రి దాకా క్యాట్‌ఫిష్ ఉంటుంది. కానీ ఆట లెక్కలో బాస్‌ని పట్టే కష్టం 50 అయితే దీనిది 75. వెదురు గాలంతో, సున్నా లెవెల్‌తో దాన్ని నిలపడం గగనం. నిలపలేని ప్రతిసారీ 8 ఎనర్జీ దండగ. ఆ రోజు నీళ్లు పోసే పని లేదు కాబట్టి మిగిలిన ఎనర్జీతో చెరువులోనే లెవెల్ పెంచుకోండి. నాలుగో లెవెల్ దాటాక వచ్చే వానలకి నదికి వెళ్లండి. క్యాట్‌ఫిష్ జారిపోయినా అక్కడ షాడ్ పడుతుంది, 60 గోల్డ్.

ప్రశ్న: ఆట మొదలుపెట్టేటప్పుడు రివర్‌ల్యాండ్ పొలం ఎంచుకుంటే చేపల్లో ఎక్కువ వస్తుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: 2024 మార్చిలో వచ్చిన 1.6 అప్‌డేట్ నుంచి ఆ పొలంలో చేపల్ని పొగబెట్టే ఫిష్ స్మోకర్ మొదట్లోనే ఉంటుంది. మిగతా పొలాలవాళ్లు తయారీ తెలుసుకోవాలంటేనే విల్లీకి 10,000 గోల్డ్ ఇవ్వాలి. ఒక చేప, ఒక బొగ్గు వేస్తే ఆటలో 50 నిమిషాల్లో ధర రెట్టింపవుతుంది, నాణ్యత అలాగే ఉంటుంది. బొగ్గు మొదట్లో కరువు కాబట్టి కార్ప్‌కి వేయకండి, 30 గోల్డ్ కోసం బొగ్గు తగలెయ్యడమే. బాస్, క్యాట్‌ఫిష్, అందులోనూ నాణ్యతకి గుర్తుగా వెండి, బంగారు నక్షత్రం ఉన్నవాటికి దాచండి. అయితే సాగు నేల ముక్కలు ముక్కలుగా నీళ్ల మధ్య ఉంటుంది. వ్యవసాయమే ప్రధానం అనుకునేవాళ్లకి విసుగొస్తుంది.

ప్రశ్న: అన్నీ అమ్మేశాను. వస్తువులు ఇచ్చి బాగుచేయించాల్సిన ఊరి కమ్యూనిటీ సెంటర్‌కి చేపలు కావాలంటోంది!
– పాఠకుడు, విజయవాడ

జవాబు: వసంతంలో పడేవాటిలో సన్‌ఫిష్, క్యాట్‌ఫిష్, షాడ్, లార్జ్‌మౌత్ బాస్, కార్ప్, బుల్‌హెడ్, సార్డీన్, బ్రీమ్, ఈల్ ఒక్కొక్కటి పెట్టెలో ఉంచండి. సన్‌ఫిష్ ఎండ ఉన్న రోజునే నదిలో పడుతుంది. ఈల్ వాన రోజు సాయంత్రం 4 తర్వాత సముద్రంలో పడుతుంది. బాస్, కార్ప్ ఏడాది పొడుగునా దొరుకుతాయి కాబట్టి కంగారు లేదు. ఈల్ మాత్రం వసంతం దాటితే మళ్లీ శరదృతువులోనే.