ఆ కళ్లకు వేరే పని ఇవ్వండి

ప్రశ్న: "మా అన్నయ్య 16 ఏళ్లు ఆర్మీలో చేసి రెండేళ్ల కిందట ఇంటికొచ్చాడు. నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడడు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడతాడు. ట్రెక్కింగ్, చేపలు పట్టడం, అడవిలో నడవడం లాంటివి మాజీ సైనికుల మనసుకు మందులా పనిచేస్తాయని చదివాను. నిజమేనా?"

పనిచేస్తాయమ్మా. నాకు పనిచేశాయి కాబట్టి చెబుతున్నాను. కాకపోతే చల్లగాలి, పచ్చదనం, పక్షుల కూతలు అని అందరూ చెప్పే కారణాలు నాకు అంతగా నచ్చవు. చల్లగాలే మందైతే కాశ్మీరులో మాకు జబ్బే రాకూడదు. అసలు కారణం వేరే ఉందని నా గట్టి నమ్మకం. అది చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

మాది గిద్దలూరు వైపు. మా వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక ఫౌజీ (సైనికుడి) ఇల్లు ఉంటుంది. 1996లో భర్తీ అయ్యాను, 2013లో హవల్దారుగా బయటికొచ్చాను. మధ్యలో రెండున్నరేళ్లు కాశ్మీరులోని కుప్వారాలో, ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ అనే ఆర్మీ విభాగంలో ఉన్నాను. అక్కడ మా పని రోడ్ ఓపెనింగ్. తెల్లవారకముందే బయల్దేరి, ఆర్మీ బండ్ల కాన్వాయ్ వచ్చేలోపు రోడ్డుకి అటూ ఇటూ నడుస్తూ, ఎక్కడైనా బాంబు పెట్టారేమోనని ప్రతి కల్వర్టూ చూడాలి. నిన్న లేని రాళ్లకుప్ప ఇవాళ ఉందా? పాల క్యాను ఎవరైనా వదిలేసి పోయారా? ముఖ్యంగా మట్టి. తవ్వి మళ్లీ పూడ్చిన మట్టి రంగు వేరుగా ఉంటుంది, పైన గడ్డి వాడి ఉంటుంది. రోజూ అదే రోడ్డు, రోజూ అదే చూపు. ఒకరోజు మేం చూసి వెళ్లిన చోటే పేలింది. నా బడ్డీకి, అంటే నాతో జంటగా పనిచేసే జవానుకి, మోకాలి కింద కాలు పోయింది. ఆ చోటును దాటి ముందు నడిచింది నేనే. అంతకంటే ఎక్కువ రాయలేను.

ఇంటికొచ్చాక కాశ్మీరు పోయింది కానీ ఆ చూపు పోలేదు. మా ఊరి నుంచి బస్టాండుకి కిలోమీటరున్నర. ఆ దారిలో మూడు కల్వర్టులు. ఒక్కోదాని దగ్గర నా నడక దానంతట అదే ఆగిపోయేది. హోటల్లో గోడకు ఆనుకుని, తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీ దొరికితేనే కూర్చునేవాణ్ని. ఒకరోజు మా పాప స్కూలు నుంచి వచ్చి బ్యాగు గేటు పక్కన పడేసి ఆడుకోవడానికి పోయింది. కాసేపటికి దాన్ని తీసుకోవడానికి వంగింది. నేను వెనక నుంచి పరుగెత్తుకెళ్లి పాపను లాగిన లాగుడుకి దాని మోచెయ్యి వాచిపోయింది. తర్వాత నెల రోజులు నా దగ్గరకి రాలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉండేది.

ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుంది, ఏదో ఒక ఉద్యోగం చెయ్యమన్నారు అందరూ. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో సెక్యూరిటీ ఉద్యోగం. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే బండినల్లా అనుమానంగా చూడాలి. ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మాజీ సైనికుడు అనగానే తీసుకెళ్లి గేటు దగ్గరో, ఏటీఎం దగ్గరో కూర్చోబెట్టడం మన దేశంలో అలవాటైపోయింది. ఏ చూపు వల్ల మనిషికి నిద్ర దూరమైందో ఆ చూపునే పన్నెండు గంటలు అద్దెకు తీసుకుంటారు. తాకిన గాయం మీద మళ్లీ తాకినట్టు. ఎనిమిది నెలలు చేసి వచ్చేశాను. అప్పటికి రాత్రి రెండు గంటల నిద్ర కూడా ఉండేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందులు రాశారు, వేసుకున్నాను. నిద్ర కొంత వచ్చింది. మందులు తప్పని నేను అనడం లేదు, ఆ నిద్రే లేకపోతే తర్వాతి సంగతి జరిగేదే కాదు. కానీ ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ "ఏం జరిగిందో చెప్పండి" అంటే నా నోరు పెగిలేది కాదు. పదిహేడేళ్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగించుకున్నది తప్పు చేసినప్పుడే.

నన్ను మామూలు మనిషిని చెయ్యడానికి మా బావమరిది ఒక రిసార్టుకి కూడా తీసుకెళ్లాడు. పాపం మంచి మనసుతోనే. అక్కడ డీజే, బాణసంచా, బాత్‌రూమ్ అద్దంలో నా ముఖం. ఆ రాత్రంతా కారులో కూర్చున్నాను. మీ అన్నయ్యను అలాంటి చోటికి మాత్రం తీసుకెళ్లకండి.

2014 ఎండాకాలం పోయాక మా మేనమామ ఇంటికి కంభం వెళ్లాను. మామ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పొలం పని లేనప్పుడు చెరువులో గాలం వేస్తాడు. నేను తెల్లవారుజామున నాలుగింటికే లేచి వరండాలో కూర్చుంటే, రెండో రోజు తనూ లేచి చెప్పులు వేసుకుని, "అల్లుడా, వస్తావా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

కంభం చెరువు చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేశారు. విజయనగర కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు కూడా వచ్చింది. అంత గొప్ప కట్ట మీద ముళ్లకంపలూ పగిలిన సీసాలూ చూస్తే నాకు కడుపు మండిపోతుంది. సీసా తాగినవాడు ఇంటికి పట్టుకుపోతే ఏం పోయింది?

ఆ రోజు కట్ట దిగి నీళ్ల వైపు వెళ్తున్నాం. మామ ముందు, నేను వెనక. మసక వెలుతురు. దారి పక్కన తడి మట్టి తవ్వి ఉంది. జానెడు వెడల్పు, పైన మళ్లీ కప్పారు, అంచున గడ్డి వాడిపోయి ఉంది. నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. "మామా, ఆగు" అని అరిచాను. అది నా గొంతులా లేదు, ఆ రోజుల్లోని గొంతు. మామ ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు, నా చూపు ఎక్కడుందో చూశాడు. నవ్వలేదు. "ఏం కాదు" అని కూడా అనలేదు. నెమ్మదిగా వచ్చి ఆ మట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రెండు వేళ్లతో పైమట్టి తీశాడు. లోపల చిల్లులు పొడిచిన కొబ్బరిచిప్ప, దాని నిండా తడి మట్టి, అందులో మెలికలు తిరుగుతున్న వానపాములు. "నిన్న సాయంత్రం నేనే పెట్టా. ఎండకి చావకుండా" అన్నాడు. ఒక వానపామును తీసి నా అరచేతిలో పెట్టాడు.

దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. చల్లగా, జిగటగా, వేలి చుట్టూ చుట్టుకుంది. పదేళ్లుగా తవ్విన మట్టి అంటే నాకు ఒక్కటే అర్థం. ఆ రోజు మొదటిసారి రెండో అర్థం ఒకటి దొరికింది.

తర్వాత గాలం నా చేతికిచ్చి, దాని తాడుకి కట్టి నీళ్ల మీద తేలే బెండు మీద చూపు పెట్టమన్నాడు. నెమలీక కాడతో చేసిన బెండు. అది నీళ్ల మీద కదలకుండా నిలబడి ఉంటుంది. చిన్న చేప కొరికితే వణుకుతుంది. జిలేబీ చేప లాగితే పక్కకి జరుగుతుంది. పెద్దది మింగితే ఒక్కసారిగా మునుగుతుంది. ఈ తేడాలు పట్టడానికి మామూలు మనిషికి నెలలు పడుతుందట. నాకు గంటలో వచ్చేసింది. మామ ఒకే మాట అన్నాడు: "నీ చూపు మంచిది అల్లుడా." ఇంటికొచ్చాక నా చూపు గురించి ఎవరైనా మంచిగా అనడం అదే మొదలు.

నేను చెప్పదలుచుకున్నది ఇదేనమ్మా. మీ అన్నయ్య జబ్బు అని మీరనుకుంటున్నది ఆయన ఏళ్ల తరబడి నేర్చుకున్న పని. అందరూ ఆ పని మానెయ్యమంటారు. మానడం ఆయన చేతిలో లేదు. ఆ కళ్లకు వేరే పని ఇవ్వాలి. బజారులో ఆ చూపు ఆయన్ని చంపుతుంది. అదే చూపు చెరువు దగ్గర, అడవిలో విద్య అవుతుంది. ఇసుకలో ఎలుగుబంటి అడుగు ఎటు పోయిందో, కొంగ ఎక్కడ దిగుతుందో, మేఘం ఎటు తిరుగుతుందో ఆయనకు ముందే తెలుస్తుంది. పైగా ఒళ్లు అలుస్తుంది, దానివల్ల నిద్ర వస్తుంది. పక్కన మనిషి ఉంటాడు. ముఖాలు చూసుకోకుండా నడుస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. నా బడ్డీ గురించి మామకు చెప్పింది కూడా అలాగే. రెండో నెలలో, బెండు వైపు చూస్తూ. మామ వినేసి గాలానికి ఎర మార్చాడు, అంతే.

ఈ సంగతి కొత్తదేమీ కాదని నాకు తర్వాత తెలిసింది. అమెరికాలో ఎర్ల్ షాఫర్ అని ఒకాయన ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చాడు. అపలాచియన్ కొండదారి మొత్తం కలిసి నడుద్దామని చిన్నప్పటి స్నేహితుడితో అనుకున్నాడు. ఆ స్నేహితుడు అదే యుద్ధంలో ఇవో జిమా దీవిలో చనిపోయాడు. 1948లో షాఫర్ ఒక్కడే బయల్దేరి, జార్జియా నుంచి మెయిన్ దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా 124 రోజుల్లో నడిచేశాడు. ఆర్మీని తనలోంచి నడిచి వదిలించుకోవడానికే వెళ్లానని చెప్పుకున్నాడు. అప్పటికి ఈ జబ్బుకి డాక్టర్ల పుస్తకంలో ఇప్పుడున్న పీటీఎస్‌డీ అనే పేరు కూడా లేదు, అది 1980లో వచ్చింది. ఆయన తన కాళ్లతో ముందే కనిపెట్టాడు. తర్వాత 1998లో, 79 ఏళ్ల వయసులో, మళ్లీ అదే దారి మొత్తం నడిచాడు.

అక్కడ 2020లో మాజీ సైనికుల కోసం చేసిన ఒక చట్టంలో ఈ బయటి తిరుగుడును వైద్యానికి ఎలా వాడుకోవాలో చూడమని రాశారు. 2022 నుంచి వాళ్ల నేషనల్ పార్కుల్లోకి మాజీ సైనికులకు జీవితాంతం ఉచిత పాసు. మన దగ్గర డబ్బు తక్కువని నేను ఒప్పుకుంటాను. కానీ నడకకు డబ్బెందుకు? నల్లమల మన పక్కనే ఉంది. సర్వీసులో ఉన్నప్పుడు అడ్వెంచర్ ట్రైనింగ్ అని కొండలెక్కించి, నదుల్లో తెప్పలు నడిపించింది మనవాళ్లే. అది మనిషికి మంచిదని తెలిసే కదా చేయించారు? సర్వీసు అయిపోయి డిశ్చార్జి బుక్ చేతికివ్వగానే ఆ అవసరం తీరిపోతుందా? నెలకొకసారి జిల్లాలోని మాజీ సైనికులను ఒక చెరువు చుట్టూ నడిపిస్తే చాలు. పెన్షన్ కాగితాల గురించి మీటింగులు పెట్టినంత తేలిక.

మరో మాట. ఇంటికొచ్చే బంధువులకు ముందే చెప్పి పెట్టండి. "ఎంతమందిని కాల్చావు" అని అడగొద్దని. "క్యాంటీన్ బాటిల్ తెచ్చిపెట్టవా" అని, అంటే ఆర్మీ క్యాంటీన్‌లో దొరికే మందు సీసా కావాలని కూడా అడగొద్దని. నా దగ్గరకొచ్చినవాళ్లలో సగం మంది ఈ రెండు ప్రశ్నలతోనే వచ్చారు. తాగుడు అలవాటున్న ఇంట్లో ఆ రెండో ప్రశ్న ఎంత చేటో వాళ్లకు తెలియదు.

చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆయన ఎక్కడ పనిచేశారో తెలుసుకోండి. మా తోటివాడు ఒకడు అస్సాం అడవుల్లో చాలాకాలం ఉన్నాడు. వాణ్ని నల్లమలలోకి తీసుకెళ్తే చెమటలు పట్టి వెనక్కి వచ్చేశాడు. ఇప్పుడు వాడికి దూరం దాకా కనిపించే శనగ చేలల్లో నడవడమే బాగుంటుంది. సియాచిన్‌లో చేసినవాణ్ని సరదాగా చలి చూపిద్దామని లంబసింగి తీసుకెళ్లకండి. మొదట్లో ఒంటరిగా కూడా పంపకండి. చచ్చిపోవాలని ఉందని ఆయన అన్నా, అలా అనిపించేలా నడుచుకున్నా, చెరువూ కొండా తర్వాత. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలి మానస్ నంబరుకి రాత్రయినా పగలైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ అన్నయ్యను "ట్రెక్కింగ్‌కి వెళ్దాం, నీకు మంచిది" అని మాత్రం అడగకండి. మంచిది అన్నమాట వినగానే మూసుకుపోతాం. ఆయన తెల్లవారుజామున లేస్తారు కదా, మీరూ లేవండి. చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి, వస్తావా అనండి. మొదటి రోజు రాకపోవచ్చు. నాలుగో రోజుకి వస్తారు.

మీ ఊరి పేరు రాయలేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టుపక్కలైతే శనివారం మాతో పంపండి. ఇప్పుడు మేం ఏడుగురం ఉన్నాం. కొన్ని వారాలు చెరువు, కొన్ని వారాలు నెమలిగుండ్ల రంగనాయక స్వామి గుడి దాకా నడక, అక్కడ గుండ్లకమ్మ మడుగు దగ్గర కాసేపు కూర్చుని వస్తాం. మా మామకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, అంత దూరం రాలేడు. కానీ శుక్రవారం సాయంత్రం కొబ్బరిచిప్పలో వానపాములు పెట్టి ఉంచుతాడు. నీళ్ల సీసా, టోపీ ఉంటే చాలు. కొత్తగా వచ్చినవాళ్లను మేం ఏ యూనిట్ అని మాత్రమే అడుగుతాం, ఇంకేమీ అడగం.